అప్పకి పడిన ఒక్క చీటీ

రండమ్మా, ఇటు రండి. ఆ ఫ్యాను దగ్గర వద్దు, దాని గోలలో నా మాట మీకు వినబడదు. ఈ చాప మీదకి జరిగి కూచోండి. చేతిలో పనుంటే తెచ్చుకోండి, చిక్కుళ్ళు ఒలుచుకుంటూ వినొచ్చు. నేను చదువుకున్నదాన్ని కాదు. ముప్ఫై దాటేక అక్షరం పట్టినదాన్ని. మాటలో వంకరలుంటే మీరే సర్దుకోండి. జ్ఞాపకం మాత్రం దేవుడు దండిగా ఇచ్చేడు. ఎవరు ఏ రోజు ఏ చీర కట్టుకుని ఏ మాట అన్నారో ఇప్పటికీ చెప్పగలను. ఈ ఒక్క సంగతిలో ఇవ్వకపోయినా బాగుణ్ణనిపిస్తాది.

పోయిన నెల పక్కూరు బిల్హాలో చనిపోయిన ఒకావిడ పన్నెండో రోజుకి వెళ్ళొచ్చేను. ఆవిడ పేరు చెప్పను. చెప్పడానికి నాకు మొహం చెల్లదు. మా డిపోలో అందరికీ ఆవిడ అప్ప. మా వైపు అప్ప అంటే అక్క. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అప్పా అనే పిలిచేవారు.

డిపో అంటే ఏటో చెప్పాలి కదా. మేం బిలాస్‌పూర్ రైల్వే తెలుగువాళ్ళం. తాతలనాడు శ్రీకాకుళం వైపునుంచి రైలు పనికొచ్చి ఉండిపోయినవాళ్ళం. ఇంట్లో మగవాళ్ళంతా షెడ్డులోనో, యార్డులోనో. నాకు మాత్రం మిలిటరీలో ఉద్యోగం. తుపాకీ ఉద్యోగం కాదులెండి. పట్టాలకవతల మిలిటరీవాళ్ళ డిపో ఒకటి ఉండేది. గుడారాలు, కంబళ్ళు, బూట్లు, వంటగిన్నెలు పెట్టెల్లో సర్ది, మేకులు కొట్టి, లేబుళ్ళంటించి, వేగన్లకెక్కించడం మా పని. పైనున్న ఆఫీసర్లు యూనిఫారం వాళ్ళు. కింద మేమంతా సివిలియన్లం, యూనిఫారం లేని మిలిటరీ. ఆఫీసర్లు రెండు మూడేళ్ళకి బదిలీ అయిపోతారు. మేం అక్కడే చేరి అక్కడే ముసలివాళ్ళమవుతాం. మజ్దూరుగా చేరితే చాలామంది మజ్దూరుగానే దిగిపోతారు. మధ్యలో మేట్ అని ఒక మెట్టుంది, అంటే కూలీల పెద్ద. దాని పైన సూపర్‌వైజరు, అంటే కుర్చీ. మేట్ నుంచి ఆ కుర్చీకి మా సెక్షన్‌లో అప్పటిదాకా ఎవరూ దాటలేదు.

అప్ప మా మేట్.

పొట్టి మనిషి. మగవాళ్ళ వాచీ ఒకటి ముంజేతికి లోపలివైపు పెట్టుకునేది. టైము చూసుకుంటే ఎవరినో ఏదో అడుగుతూ చెయ్యి చాపినట్టుండేది. ఎండు ఉసిరికాయ ముక్క ఎప్పుడూ బుగ్గనే. కోపం వస్తే ఆ ముక్క ఎడమ బుగ్గనుంచి కుడిబుగ్గకి మారేది. మేం ఆవిడ కళ్ళకేసి చూసేవాళ్ళం కాదు, బుగ్గకేసి చూసేవాళ్ళం.

బరువు పెట్టె ఎత్తాలంటే నలుగురు కావాలి. నాలుగు మూలలా పట్టుకున్నాక అందరూ "ఎత్తండి" అంటారు. అప్ప అలగ అనేది కాదు. నాలుగు పేర్లూ వరసగా పిలిచేది. ఒక్కొక్కరూ "ఆఁ అప్పా" అన్నాకే పెట్టె లేవాలి. కొత్తగా వచ్చిన ఆఫీసరొకాయన ఈ పేర్ల పిలుపు చూసి, టైము దండగ కదా అన్నాడు.

"పలకనోడి మూలే కాలిమీద పడతాది సాహెబ్" అని హిందీలో చెప్పీసి, మళ్ళీ మొదటి పేరునుంచి పిలిచింది. ఆయన నాలుగు పేర్లూ అయ్యేదాకా నిలబడ్డాడు.

ఆఫీసర్ల తిట్లకి ఆవిడ దగ్గరో మాటుండేది. "సాహెబు కోపం అట్టులాంటిది. ఒకపక్కే కాలతాది. నువ్వు ఎదురు మాటాడి తిరగెయ్యకు."

నాకు ఆవిడ ఎలగ దగ్గరయిందో చెప్తాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. బూట్ల పెట్టెల లేబుళ్ళు తీసుకెళ్ళి వంటగిన్నెల పెట్టెలకి అంటించీసేను. పెట్టెలు వేగనెక్కీసేయి, వేగను వెళ్ళిపోయింది. ఎక్కడో మంచుకొండల్లో బూట్లకోసం చూస్తున్నవాళ్ళకి గరిటెలు చేరేయి. సూపర్‌వైజరు "ఎవరంటించారు?" అని రంకెలేస్తున్నాడు. నేను గుడారాల గుట్ట వెనక నక్కి ఏడుస్తున్నాను. అప్ప కొంగు దోపుకుని తిన్నగా ఆయన ముందుకెళ్ళి, "నా సెక్షన్ పని, నా తప్పే" అంది. అరగంట తిట్లు తింది. తిని, నా దగ్గరకొచ్చింది.

"ఏటే, ఏడుస్తున్నావా?"

"తప్పయిపోయింది అప్పా."

"విను. సాహెబు దగ్గర మూడే మాటలుండాల. ఏటయ్యింది. ఎందుకయ్యింది. ఇప్పుడేటి చేద్దాం. ఏడుపు నాలుగో మాట. అది ఇంటికెళ్ళి మొగుడి దగ్గర."

"మా ఇంటాయన వినడప్పా."

"అయితే పొయ్యి దగ్గర ఏడు. పొగ అనుకుంటారు."

ఏడుపులోనే నాకు నవ్వొచ్చీసింది. అప్ప నవ్వలేదు. "ఎందుకయ్యింది, చెప్పు" అంది.

"నాకు చదవడం రాదప్పా."

"ఆ మాట చెప్పడానికి గుట్ట వెనకెందుకు? రేపట్నుంచి డ్యూటీ దిగేక మా ఇంటికి రా."

ఆవిడ ఇల్లు తార్‌బహార్ పేటలో. ముందు సన్నపాటి వరండా. సాయంత్రం ఏడెనిమిదిమందిమి చేరేవాళ్ళం. పాత లేబుళ్ళ వెనకవైపు రాత. ముందు తెలుగు, తరవాత హిందీ, తరవాత పెట్టెల మీద ఇంగ్లీషు అంకెలూ పేర్లూ. నా చెయ్యి పట్టుకుని "అ" దిద్దించింది ఆవిడే. ఆవిడ చదివింది అయిదో తరగతో ఆరో తరగతో. ఎవరైనా అడిగితే, "మీకు సరిపడా చదివినాను, ఊరుకోండి" అనేది.

అక్షరాలతో ఆపేది కాదు. ఒకళ్ళు సాహెబు, ఒకళ్ళు మజ్దూరు అని ఆట ఆడించేది. మజ్దూరు నిటారుగా నిలబడి, నేల చూపులు చూడకుండా, ఆ మూడు మాటల్లో సంగతి చెప్పాలి. నేను సాహెబునయిన రోజున మా మరిదిని ఎడాపెడా వాయించీసేను. మా మరిది అంటే మా ఆయన తమ్ముడు, మా సెక్షన్‌లోనే పని. అప్ప బుగ్గనున్న ముక్క అటూ ఇటూ తిప్పి, "తిట్టడం నీకు నేర్పక్కర్లేదే. ఇంట్లో బాగా సాధన చేసినట్టున్నావు" అంది. వరండా అంతా గొల్లుమంది. ఆ వరండాలో కూచున్నవాళ్ళలో ముగ్గురు పరీక్ష రాసి గుమస్తాలయ్యేరు. ఇంకో ఇద్దరు వేరే సెక్షన్లలో మేట్లయ్యేరు. ఆవిడ మాత్రం ఉన్నచోటే ఉంది.

అలగుండగా పైనుంచి ఒక ఆర్డరొచ్చింది. ఇకమీదట సివిలియన్లలోంచి, మేటయినా మజ్దూరయినా, సూపర్‌వైజరు అవ్వాలంటే లీడర్‌షిప్ కోర్సు చేసి రావాలి. దూరంగా ఒక కంటోన్మెంటులో మూడు వారాలు. మా డిపోకి ఒక్క సీటు. అది మా సెక్షన్‌కే ఇచ్చేరు. సర్వీసు రెండేళ్ళకంటే తక్కువ మిగిలినవాళ్ళని పంపరు. అప్పకి రెండేళ్ళ నాలుగు నెలలే ఉంది. ఈసారి పోతే ఇంక లేదు.

ఆవిడ దేనికీ ఆశపడగా నేను చూడలేదు. దీనికి ఆశపడింది. అంతకుముందే నా చిన్నదానికి జ్వరమొస్తే నా సెలవు కాయితం మూడు రోజులు టేబుళ్ళమీద తిరిగింది. మేట్‌కి సెలవిచ్చే అధికారం లేదు, సూపర్‌వైజరు సంతకం కావాలి. ఆ సంగతి పట్టుకునే ఒకరోజు నాతో అంది:

"ఒక్కసారి నా చేత్తో మీ సెలవు కాయితం మీద సంతకం పెట్టాలనుందే. పొద్దున్న అడిగితే పొద్దున్నే. దిగిపోయేలోగా ఒక్క ఏడాది పెడితే చాలు."

రెండొందల పేజీల నోటుపుస్తకం కొనుక్కుంది. పెట్టెలకి చుట్టే గోధుమరంగు కాయితంతో అట్ట వేసింది. బడికెళ్ళే పిల్లలాగ.

ఎవరిని పంపాలన్నది అప్పుడున్న కెప్టెన్ చేతిలో ఉంది. కుర్రాడు, మంచివాడే. మిలిటరీలో వాళ్ళకో పద్ధతుందట, తోటివాళ్ళనే అడుగుతారట, నీ పైవాడు లేని రోజున ఎవరి మాట వింటావని. ఆ పద్ధతి మా సివిలియన్లకీ పెడతానన్నాడు. ఒక్కొక్కరికీ ఒక చీటీ. అందులో ఒక్క పేరు. తన పేరు తాను రాసుకోకూడదు. ఎవరు ఏ భాషలో రాసినా సరే. ఎక్కువ చీటీలొచ్చినవాళ్ళే వెళ్తారు.

మాకు నవ్వొచ్చింది. దీనికి చీటీలెందుకు? అప్పకి కాక ఇంకెవరికి రాస్తాం?

ఆ ముందురోజు సాయంత్రం మా మరిది మా క్వార్టరుకొచ్చేడు. జిలేబీ పొట్లం తెచ్చేడు. అటు చూసీ ఇటు చూసీ నసిగేడు.

"వదినా, ఒక మాట. రేపు బోర్డుమీద పేర్లూ లెక్కలూ రాస్తారట. నా పేరు ముందర సున్నా పడితే తల ఎత్తుకోగలనా?"

"నీకు కోర్సెందుకు మరిదీ?"

"కోర్సు ఎవడికి కావాల? అప్పే వెళ్తాది, వెళ్ళాల కూడానూ. ఇరవైరెండుమందిమున్నాం, ఆవిడకి నీ ఒక్కర్తి చీటీ తగ్గితే ఏటయిపోతాది? నాకు ఒక్కటి పడితే పరువు దక్కుతాది. ఒక్కటే వదినా."

మా ఆయన పక్కనుంచి, "పోనీలే, సొంత మరిది. రాసీ" అన్నాడు. నాకూ అలాగే తోచింది. మన వాళ్ళలో మొగమాటం ఎంత బలమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాదంటే రేపు పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో మొహాలు చూసుకోవాలి. అప్పంటారా, అప్ప ఏమీ అనుకోదు. ఆ నమ్మకమే మా కొంపముంచింది. ఏమీ అనుకోనివాళ్ళకే కదా మనం అన్యాయం చేస్తాం.

మర్నాడు పొద్దున్న నా చేతిలో చీటీ పెట్టేరు. పెన్సిలు పట్టుకున్నాను. మా మరిది పేరు రాసేను. ఒత్తులు, దీర్ఘాలు తప్పులేకుండా రాసేను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని దిద్దించిన అక్షరాలతోటే రాసేను.

మధ్యాహ్నం అందర్నీ వరసలో నిలబెట్టి, నల్లబోర్డుమీద సుద్దముక్కతో పేర్లు రాసి, ఒక్కో చీటీ విప్పుతూ గీతలు గీస్తున్నారు. మొదటి గీత మా మరిదికి. సరే అనుకున్నాను. రెండోదీ మా మరిదికే. అప్పుడు అర్థమయింది నాకు. వాడు వచ్చింది నా ఒక్కదాని దగ్గరికే కాదు. వాడికి మావ వరస అయినవాడి దగ్గరికెళ్ళేడు, తోడల్లుడి దగ్గరికెళ్ళేడు, పిన్ని వరస ఆవిడ దగ్గరికెళ్ళేడు. అందర్నీ ఒక్కటే అడిగేడు. మిగిలినవాళ్ళ దగ్గరికి వాళ్ళవాళ్ళ చుట్టాలెళ్ళేరు. అందరూ అదే అనుకున్నారు, అప్పకి ఎలాగూ పడతాయి, నా ఒక్కటీ లేకపోతే ఏం పోయిందని.

మా మరిదికి ఏడు. ఒకడికి నాలుగు. ఇంకొకడికి మూడు. అక్కడొకటీ ఇక్కడొకటీ. నా పేరు ముందర కూడా ఒక గీత పడింది. నేనెవర్నీ అడగలేదు. అది ఎవరు రాసేరో నాకు తెలుసు. నాకు రాసేవాళ్ళు ఆ వరసలో ఒక్కరే ఉన్నారు.

అప్పకి ఒక్క గీత.

మా మరిది మొహం పాలిపోయింది. నిజంగా వాడికీ అక్కర్లేదమ్మా అది. కెప్టెన్ చీటీలన్నీ మళ్ళీ ఒకసారి లెక్కపెట్టేడు. పెట్టి, అప్పకేసి తిరిగి, హిందీలో మెల్లగానే అడిగేడు, మీవాళ్ళకే మీరొద్దా అని. మెల్లగా అన్నా అందరికీ వినబడింది.

అప్ప నిటారుగా నిలబడి ఉంది. ఉసిరిముక్క కదల్లేదు.

"రాయడం నేనే నేర్పినాను సాహెబ్. తప్పుల్లేకుండా రాసినారు" అంది.

నేను ఆ క్షణంలో ముందుకెళ్ళి నోరు విప్పి ఉండాల్సింది. మూడు మాటలు. ఏటయ్యింది, ఎందుకయ్యింది, ఇప్పుడేటి చేద్దాం. కెప్టెన్ వినేవాడే. నాకు ఆ మాటలు వచ్చు, నిలబడడమూ వచ్చు. నేను నా చెప్పులకేసి చూస్తూ ఉండిపోయేను.

సాయంత్రం కాళ్ళు లాక్కుంటూ తార్‌బహార్ వెళ్ళేను. చెప్పీసి కాళ్ళమీద పడదామని బయల్దేరేను, ఒట్టు. వరండాలో అప్పటికే ముగ్గురున్నారు. ఒకాయన అంటున్నాడు, "మిగిలినోళ్ళ సంగతి నాకు తెలీదప్పా, ఆ ఒక్క చీటీ మటుకు నాదే." ఆయన మెట్లు దిగుతుంటే ఇంకొకావిడ అదే మాట. ఆ తరవాత మా మరిది! "అప్పా, నేను మీకే రాసినాను. ఆ ఒక్కటీ నాదే" అని వాడూ అన్నాడు. వాడు వాళ్ళ తోడల్లుడికి రాసేడని నాకు తెలుసు. ఒక్కొక్కరికీ అప్ప టీ ఇచ్చి, "అచ్ఛా, అచ్ఛా, నాకు తెలుసులే" అంటోంది.

నా వంతొచ్చింది. టీ గ్లాసు అందించి నాకేసి చూసింది. ఏమీ అడగలేదు. అడిగుంటే నిజం చెప్పేదాన్నేమో.

"నాదేనప్పా ఆ చీటీ" అన్నాను.

అప్ప నా తలమీద చెయ్యి పెట్టింది. "టీ తాగు, చల్లారిపోతాది" అంది.

మా మరిది కోర్సుకి వెళ్ళేటప్పుడు, ఆ గోధుమరంగు అట్ట వేసిన నోటుపుస్తకం వాడికే ఇచ్చింది. "చెప్పినవన్నీ రాసుకురారా. వచ్చేక నేనూ చదువుకుంటాను" అంది. వాడు మూడు వారాలకి నాలుగు పేజీలు రాసుకొచ్చేడు. అందులో ఒక పేజీ మెస్సులో ఏ పూట ఏం పెట్టేరో. అప్ప ఆ నాలుగు పేజీలూ వరండాలో మాకు చదివి వినిపించింది. మెస్సు పేజీ కూడా. వాడు సూపర్‌వైజరయ్యేడు. ఏ చిక్కొచ్చినా కుర్చీలోంచి లేచొచ్చి, "అప్పా, ఇప్పుడేటి చేద్దాం?" అని అడిగేవాడు. ఆవిడ చెప్పేది. ఎవరి సెలవు కాయితం మీదా సంతకం పెట్టకుండానే, మేట్‌గానే దిగిపోయింది. రిటైరయ్యేక బిల్హాలో తమ్ముడి కూతురింటికి వెళ్ళిపోయింది.

ఇంతటితో అయిపోతే నా సిగ్గు నలుగురితో పాటు సిగ్గే. అక్కడితో పోలేదు.

మా సెక్షన్‌లోనే తోపుడుబండి లాగే ఛత్తీస్‌గఢ్ మనిషి ఒకాయనుండేవాడు. బుధారూ అని పేరు, బిల్హా పక్క పల్లె. అప్పకీ ఆయనకీ రోజూ పోట్లాటే. బండి అడ్డంగా పెట్టేవని ఆవిడ, పెట్టెలు ఎత్తుగా పేర్చేవని ఆయన. ఆవిడ వెళ్ళిపోయేక ఒక వానాకాలం మధ్యాహ్నం షెడ్డుకింద ఇద్దరం చిక్కుకుపోయేం. మాటల్లో అప్ప ఊసొచ్చింది. ఆ చీటీ ఎవరు రాసేరో ఇప్పటికీ తెలీలేదని నేను నంగనాచిలాగ అన్నాను.

"మైఁ లిఖే రహేంవ్" అన్నాడు బుధారూ. నేనే రాసేను అని. బీడీ చుట్టుకున్నంత మామూలుగా అన్నాడు.

"రోజూ కొట్టుకునేవారు కదా!"

"పోట్లాడేది. కానీ పేరు పెట్టి పిలిచి పోట్లాడేది. మీరంతా నన్ను ఏయ్ బండీ అని పిలుస్తారు."

ఆవిడకి ఎప్పుడైనా చెప్పేవా అని అడిగేను. "చీటీ అంటే మడతపెట్టి ఇచ్చేది కదా, మళ్ళీ విప్పి చెప్పడమెందుకు" అన్నాడు. వాన తగ్గగానే బండి తోసుకుంటూ వెళ్ళిపోయేడు.

అంటే ఆ రోజు నేను అప్పకి అబద్ధం చెప్పడమే కాదు, ఈ మనిషి ఇచ్చినదాన్ని నాదని చెప్పుకున్నాను కూడా.

కొన్నాళ్ళకి నేను మేట్‌నయ్యేను. ఆ తరవాత కోర్సు సీటు నాకొచ్చింది. కంటోన్మెంటులో పెద్ద హాలు, ఏసీ, మా వంటి సివిలియన్లు ఎక్కడెక్కడినుంచో వచ్చేరు. పాఠం చెప్పే మేడమ్, మీకు నాయకత్వమంటే ఏటో చూపించిన మనిషి గురించి చెప్పండి అంది. నేను లేచి నిలబడ్డాను. నేల చూపులు చూడలేదు. నాలుగు పేర్లు పిలిచి పెట్టె ఎత్తించడం చెప్పేను, మూడు మాటలు చెప్పేను, అట్టు సంగతి చెప్తే హాలంతా నవ్వింది. మేడమ్ ఆ మూడు మాటలూ బోర్డుమీద రాసి, ఇదే మేం మూడు వారాలు చెప్పబోయేది అంది. "ఆవిడ మీ దగ్గర ఏ ర్యాంకు దాకా వెళ్ళేరు?" అనడిగింది. "మేట్‌గా దిగిపోయేరు మేడమ్" అన్నాను. "అయ్యో, ఎందుకని?" అంది.

"ఛాన్సు రాలేదు మేడమ్" అన్నాను.

చప్పట్లు కొట్టేరు. చాలాసేపు కొట్టేరు.

ఆ చప్పట్ల తరవాత నాకు అన్నం సయించలేదు. తిరిగొచ్చిన వారానికి బిల్హా లోకల్ రైలెక్కేను. దారంతా మనసులో ఆ మూడు మాటలూ కూడబలుక్కున్నాను. ఏటయ్యింది: మీకు రాయలేదు. ఎందుకయ్యింది: మొగమాటం. ఇప్పుడేటి చేద్దాం: మీరు చెప్పినట్టే.

అప్ప మంచంమీద ఉంది. బాగా తగ్గిపోయింది. చేతికి వాచీ లేదు, అది నిలిచే కండ లేదు. నన్ను చూడగానే మొహం వెలిగింది. మేనకోడల్ని కేకేసింది.

"ఒసే, బేగి రా! నేను చెప్తూ ఉంటానే, ఇదే అది. ఆవేళ పదకొండుమంది వొచ్చి ఆ చీటీ నాదే నాదే అన్నారే. పదిమందిది బొంకు. ఇది ఒక్కర్తే నిజం. నేను అక్షరం దిద్దించిన చెయ్యి, అది ఇంకొకరికి రాస్తాదేటి?"

మేనకోడలు వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మా అత్త మీ పేరు చెప్పని రోజు లేదు పిన్నీ" అంది. అప్ప నాకేసి చూసి, "కోర్సుకెళ్ళొచ్చినావటగా. నోటుపుస్తకం నిండా రాసుకొచ్చినావా?" అంది. నిండా రాసేనప్పా అన్నాను. అది నిజమే. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే. మళ్ళీ వారం వచ్చి చెప్తాననుకుంటూ సాయంత్రం బండికి వచ్చీసేను. మళ్ళీ వారం వెళ్ళలేదు. ఆ పై వారమూ వెళ్ళలేదు. తరవాత కబురొచ్చింది.

పన్నెండో రోజు భోజనాలకి డిపోవాళ్ళు చాలామంది వచ్చేరు. మా మరిదీ వచ్చేడు. పంక్తిలో బుధారూ నాకు ఎదురుగా కూచున్నాడు. మేనకోడలు వడ్డిస్తూ నా దగ్గర ఆగి, అందరికీ వినబడేలా హిందీలో అంది: మా అత్తకి ఆ ఒక్క చీటీ రాసింది ఈవిడే, ఆఖరిదాకా అదే చెప్పుకుంది అని.

బుధారూ అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. తలెత్తలేదు.

ఇంక నావల్ల కాలేదు. లేచి నిలబడ్డాను. ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని చెప్పేను. "అది నేను రాయలేదమ్మా. ఆవేళ నేను మా మరిదికి రాసేను. అప్పకి రాసింది ఇదిగో ఈయన, బుధారూ."

అందరూ ఆయనకేసి తిరిగేరు.

బుధారూ తాపీగా ముద్ద మింగి, "నేనా? ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. ఈ బాయికి దుఃఖంలో ఏటేటో తోస్తోంది" అన్నాడు.

మేనకోడలు కళ్ళు తుడుచుకుంది. "చూసేరా! చేసిన మేలు కూడా ఇంకొకరి మీద పెడుతోంది. అత్త ఊరికే అనలేదు మీ గురించి" అంది. పంక్తిలో పెద్దవాళ్ళు తలలూపేరు. మా మరిది మాత్రం ఆకులోకి చూస్తూ కూచున్నాడు. ఎవరో నా ఆకులో ఇంకో గారె వేసేరు.

చేతులు కడుక్కునే కుళాయి దగ్గర బుధారూని పట్టుకున్నాను. ఎందుకలగ అబద్ధమాడేవు అని ఇంచుమించు అరిచేను. ఆయన చేతులు తువ్వాలుకి తుడుచుకుని హిందీలో అన్నాడు, మీకు తెలుగులో చెప్తాను:

"నేను పరాయివాణ్ణి. నేను రాసింది ఆవిడకి ఏం ఆనుతుంది? తనవాళ్ళలో ఒక్కరైనా రాసేరనుకుని పోయింది. దాన్ని ఇప్పుడెందుకు లాగుతావు? ఉండనీ."

నాకోసం కాదు ఆయన అబద్ధమాడింది. అది నాకు బాగా తెలిసింది. చెప్పడానికి ఇన్నేళ్ళు జాగుచేసి, చెప్పిన రోజున ఇంకొంచెం మంచిపేరు మూటగట్టుకుని లోకలెక్కి వచ్చేను.

అందుకే మిమ్మల్ని కూచోబెట్టి చెప్తున్నాను. మీరైనా నమ్మండి. నేను రాయలేదు.

ఇంక లేవండమ్మా, చీకటి పడకముందే ఇళ్ళకి చేరండి. మీ పొయ్యి చల్లబడకూడదు, మీ పిల్లల జ్వరాలు పూటలో దిగాలి. మీ ఇంట్లో ఎవరికి ఎవరిమీద ప్రేమున్నా, అది పదిమందిలో పైకి చెప్పే నోరు దేవుడు మీకివ్వాలి. చల్లగా ఉండండి.